‘టేక్’ అంటే ఎప్పుడూ తీసుకోవడమేనా?

ప్రశ్న – తిరుపతి, కొర్లగుంట నుంచి
అందరికీ నమస్కారం. ఏడో తరగతి చదువుతున్న మా అబ్బాయి ‘ఇట్ టేక్స్ టూ అవర్స్ టు రీచ్ చిత్తూర్’ అనే వాక్యాన్ని ‘అది చిత్తూరు చేరడానికి రెండు గంటలు తీసుకుంటుంది’ అని తెలుగు చేశాడు. ‘ఏది తీసుకుంటుందిరా?’ అని అడిగితే, ‘టేక్ అంటే తీసుకోవడమని నువ్వే చెప్పావు కదా నాన్నా’ అని తప్పు నా మీదికే తోశాడు. మాత్రకూ, బస్సుకూ, ఫోటోకూ అదే క్రియ వస్తున్నప్పుడు, వీటన్నిటికీ మూలార్థం ఒకటుందా, లేక వేటికవి బట్టీ పట్టవలసిందేనా?

జవాబు – చిత్తూరు నుంచి
మీరు చెప్పిన అర్థం తప్పు కాదు గానీ, అది సగమే. పాత ఇంగ్లీషులో ఈ పనికి ‘నిమన్’ అనే వేరే క్రియ ఉండేది. స్కాండినేవియా నుంచి వచ్చి ఇంగ్లండులో స్థిరపడినవారి ‘టాకా’ క్రమంగా దాన్ని పక్కకు నెట్టి ‘టేక్’గా నిలిచింది. తిమ్మిరెక్కడాన్ని చెప్పే ‘నమ్’ అన్న మాట ఆ పాత క్రియ మిగిల్చిన ఆనవాలే. టాకా అంటే చేత్తో పట్టుకోవడం కూడా కాబట్టి, అబ్బాయికి మన ‘పట్టు’ను చూపించండి. చిత్తూరికి రెండు గంటలు పడుతుంది, నిన్న రెండున్నర పట్టింది. ఈ డబ్బాలో ఐదు కిలోల బియ్యం పడుతుంది. ఈ ‘పడుతుంది’ కింద పడడం కాదు, పట్టడమే. అయితే మాత్ర వేసుకుంటాం, బస్సు ఎక్కుతాం, ఫోటో తీస్తాం. ఇలాంటివాటిని పక్కనున్న నామవాచకంతో కలిపి నేర్వక తప్పదు.

జవాబు – తిరుపతి నుంచి
ఇంగ్లీషు పాఠాలు చెప్పే నాకు ఇంతకన్నా పెద్ద చిక్కు ‘బ్రింగ్’తో వస్తుంది. మన వైపు ‘గొడుగు ఎత్తుకురా’, ‘ఎత్తుకుపో’ అంటాం. ‘ఎత్తుకు’ మారదు, చివరి ‘రా’, ‘పో’లే దిక్కు చెబుతాయి. ఇంగ్లీషులో మొత్తం క్రియే మారిపోతుంది కనుక, బడిలో ఉన్న టీచరు గొడుగును ‘బ్రింగ్’ అంటే, ఇంటి గడపలో నిలబడి బడికి పంపే తల్లి ‘టేక్’ అనాలి. ఇక ‘టేక్ ఆఫ్’ చెప్పులకైతే విప్పడం, రేణిగుంటలో విమానానికైతే నేల విడిచి లేవడం.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. ‘పట్టు’ వాడికి బాగా పట్టింది. ఇప్పుడు ‘టేక్ కేర్’ అంటే ‘జాగ్రత్త పట్టు’ అనాలా అని అడుగుతున్నాడు.

జవాబు – చిత్తూరు నుంచి
వద్దండీ. అక్కడ మనకు క్రియే అక్కరలేదు, ‘జాగ్రత్త’ అంటే చాలు.