యానిమేషన్ సినిమాల్లో మీకు ఆఫీసులో పనికొచ్చిన సీన్ ఏది?

కొత్త_లీడ్:
వచ్చే నెల నుంచి టీమ్ నాకు అప్పగిస్తున్నారు. పిల్లలతో కూర్చుని చూసిన యానిమేషన్ సినిమాల్లో మీకు నిజంగా అక్కరకొచ్చిన సీన్ చెప్పండి. నాకన్నా సీనియర్లు ముగ్గురున్నారు, అసలు టెన్షన్ అదే.

సైట్_ఇంజనీర్:
ఫైండింగ్ నీమో (2003), చివర్లో వల సీన్. డోరీ అనే చేప మిగతా చేపల గుంపుతో పాటు వలలో చిక్కుకుంటే పిల్ల చేప నీమో తనే లోపలికి దూరి అందరినీ కిందికి ఈదమంటాడు. ఎటువాళ్లు అటు కొట్టుకుంటున్న చేపలన్నీ ఒకే వైపు లాగేసరికి వల ఊడిపోతుంది. స్లాబ్ పోసే రోజు మా దగ్గరా ఇదే గోల, మిక్సర్ దగ్గరొకడు, వైబ్రేటర్ పట్టుకుని ఒకడు అరుస్తుంటారు. నేను దూరం నుంచి కేకలేయను, కాంక్రీటు దగ్గరికే వెళ్లి చెప్తా. వింటారు.

నెల్లూరు_అమ్మ:
నీమో సరే, మార్లిన్‌ని చూడండి. కొడుకుని కళ్ల ముందు నుంచి కదలనివ్వని తండ్రి, సరిగ్గా ఆ వల దగ్గర గుండె రాయి చేసుకుని వదిలాడు. అదీ కష్టమైన పని. మా మేనేజరు ప్రతి మెయిలూ తను చూశాకే పంపాలంటాడు, ప్రాణం విసిగిపోతోంది.

ట్రైనర్_గారు:
నేను మేనేజర్లకు శిక్షణ ఇస్తాను, ఈ సీన్ క్లాసుల్లో ఎన్నోసార్లు వేశాను. మీరిద్దరూ చెప్పింది తప్పు. అసలు లీడరు గిల్, నీమో మనుషులకు పట్టుబడి అక్వేరియంలో ఉన్నప్పుడు అక్కడుండే పెద్ద చేప. కిందికి ఈదే కిటుకు నీమో అతని దగ్గరే నేర్చుకున్నాడు.

నెల్లూరు_అమ్మ:
అదే గిల్ తను బయటపడాలన్న పంతంతో ఆ పసివాణ్ని ఫిల్టర్‌లోకి పంపి చావు అంచు దాకా తీసుకెళ్లాడు సార్. ఆ ముక్క కూడా వేస్తారా?

ట్రైనర్_గారు:
తర్వాత ప్లాన్ ఆపేశాడు కదమ్మా. సగం సినిమా చూసి మాట్లాడొద్దు.

సైట్_ఇంజనీర్:
ఆమె పూర్తిగానే చూశారు. బెల్టు లేకుండా కుర్రాణ్ని పైకెక్కించిన మేస్త్రీని నేనైతే ఆ పూటే పంపించేస్తా, తర్వాత ఎంత బాధపడినా సరే. గిల్‌ని హీరో చేయకండి.

కృష్ణా_తీరం:
2019 లయన్ కింగ్ తెలుగులో చూశారా? సింబాకి నాని, స్కార్‌కి జగపతిబాబు గొంతు. పిల్లలకి ఇవన్నీ తెలుగులోనే చూపించండి.

కొత్త_లీడ్:
సీనియర్ల సంగతి ఎవరూ చెప్పలేదు.

వంటిల్లు_విజయ:
కుంగ్‌ఫూ పాండా చూడమ్మా. పో అనే పాండా కుంగ్‌ఫూ నేర్చుకోడానికి వచ్చినప్పుడు, అక్కడ ముందు నుంచీ ఉన్న ఐదుగురు యోధులకీ వాడంటే పడదు, పొమ్మని మొహం మీదే అంటారు. వాడు ఎదురు మాట్లాడలేదు, తెల్లారి మళ్లీ ప్రాక్టీసుకి వచ్చాడు, తర్వాత ఒక రాత్రి వాళ్లకి నూడుల్స్ వండిపెట్టాడు. నువ్వూ మొదటి వారం వాళ్లకి పనులు పంచకు. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని ఏ పని ఎక్కడ ఆగుతోందో అడుగు. వాళ్లు చెప్పినవాటిలో ఒకటైనా ఆ వారమే తీర్చు.