ఎస్సిటాలోప్రామ్ 5 మి.గ్రా. నుంచి పూర్తిగా ఆపేలోపు మధ్యలో ఏ మోతాదు?

ఆందోళన, కుంగుబాటు కోసం ఏడాదిగా రోజూ రాత్రి భోజనం తర్వాత ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా. వేసుకున్నాను. పరిస్థితి నిలకడగా ఉండడంతో డాక్టరు గారే దాన్ని 5 మి.గ్రా.కు తగ్గించి, నెల తర్వాత ఆపేయమన్నారు. తగ్గించినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పూర్తిగా ఆపిన మూడో రోజు నుంచి మాత్రం తల పక్కకు తిప్పినా, కళ్లు చటుక్కున కదిపినా లోపల కరెంటు షాక్ కొట్టినట్టు క్షణకాలం జిల్లుమనడం, నడుస్తుంటే తూలడం, తెల్లవారుజామున కలత కలలు, కారణం లేని చిరాకు మొదలయ్యాయి. పాత జబ్బే తిరగబెట్టిందని నేను అనుకోవడం లేదు; ఎందుకంటే డాక్టరు గారు ఫోన్లో చెప్పినట్టు మళ్లీ 5 మి.గ్రా. మొదలుపెట్టిన రెండు రోజుల్లోనే ఇవన్నీ సర్దుకున్నాయి.

ఆ చిన్న మాత్రను బ్లేడుతో సగం చేయబోతే ఒక ముక్క పెద్దదై, రెండోది పొడిగా రాలిపోతోంది. మందుల షాపులో రోజు విడిచి రోజు వేసుకోమన్నారు గానీ, రక్తంలో ఈ మందు సగానికి తగ్గడానికి సుమారు 30 గంటలే పడుతుంది కనుక, అలా చేస్తే దాని స్థాయి పడుతూ లేస్తూ ఉంటుందని వెనకాడాను. వేరే మందులేవీ వాడడం లేదు, మద్యం అలవాటు లేదు. వచ్చే వారం డాక్టరు గారిని కలిసేదాకా సొంతంగా ఏదీ మార్చను.

ఈ మందును ఇలాగే ఆపినవారికి, 5 మి.గ్రా.కూ సున్నాకూ మధ్య మీ డాక్టరు ఎంత మోతాదును ఏ రూపంలో ఇచ్చి, ఎన్ని వారాలు కొనసాగించారు?