మింట్ స్ట్రీట్ పక్క సందులో మా ఇంటి స్థలం: పాత రికార్డులు ఎలా దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. చెన్నై జార్జ్‌టౌన్‌లో, మింట్ స్ట్రీట్ పక్క సందులో మా తాతగారి ఇల్లుంది, వచ్చే నెల కూల్చేస్తున్నారు, ఆలోపు ఆ స్థలం ఎవరెవరి చేతులు మారి మా వాళ్లకొచ్చిందో తెలుసుకోవాలని నా తపన. వీధి గోడలో ఎద్దును కట్టేసేంత లావు ఇనుప కడియం ఉంది, దాని పైన సున్నం గీకితే అరిగిపోయిన తెలుగు అక్షరాలు బయటపడ్డాయి, ‘శెట్టి’ అన్న ముక్క ఒక్కటే చదవగలిగాను. మేమేమో నాయుళ్లం. ఆన్‌లైన్‌లో ఈసీ (స్థలం మీద జరిగిన రిజిస్టర్డ్ లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1975 నుంచే వచ్చింది. అంతకుముందువి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలంటే డాక్యుమెంట్ నంబరు లేకుండా కుదురుతుందా? ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ రికార్డులు దాచే చోట) పాత టౌన్ సర్వే మ్యాపులు చూసినవాళ్లుంటే, అనుమతికి ఏమేం పట్టుకెళ్లాలో దయచేసి చెప్పండి. నాన్నగారికి 84 ఏళ్లు, ఆయన పుట్టింది ఆ ఇంట్లోనే.