ఉప్పునీటి ట్యాంకులో మరూన్ క్లౌన్ దాడులు: కొత్త టాంగ్‌ను కాపాడేదెలా?

అమీర్‌పేట_రీఫ్
నా ట్యాంకు నాలుగడుగుల పొడవు, 340 లీటర్ల నీరు పడుతుంది. అందులో రెండేళ్లుగా అయిదంగుళాల మరూన్ క్లౌన్ చేప ఒకటి, అంతకు ముందు నుంచీ డామినో డామ్సెల్ అనే చేప ఒకటి ఉన్నాయి. గత శుక్రవారం మూడంగుళాల యెల్లో టాంగ్ అనే పసుపు చేపను వదిలాను. లైటు వెలిగింది మొదలు ఆ రెండూ దాన్ని తరుముతూనే ఉన్నాయి. అది వేవ్‌మేకర్ (నీటిని కదిలించే పంపు) వెనుక నక్కి, నోరి ఆకు (ఎండు సముద్రపు నాచు) కట్టినా బయటికి రావడం లేదు. తోకరెక్క అంచు చిరిగిపోయింది. అద్దం పెడితే ఫలితం ఉంటుందా? బయటికి తీయవలసింది క్లౌన్‌నా, డామ్సెల్‌నా? చిరిగిన రెక్కకు మందు వేయాలా?

బీచ్‌రోడ్_వైజాగ్
డామినో అన్న మాట చూడగానే నా పాత గాయం గుర్తుకు వచ్చింది. ట్యాంకు సైకిల్ కావడానికి, అంటే అమోనియాను తినే మంచి బాక్టీరియా నీటిలో కుదురుకోవడానికి, గట్టి చేపలు కావాలని దుకాణదారు చెబితే నమ్మి మూడు డామినోలు కొన్నాను. అమోనియాను అవి తట్టుకున్నాయి గాని, ఒకదానినొకటి తట్టుకోలేకపోయాయి. ఆరు నెలల్లో మిగిలిన ఒక్కటీ, తరువాత నేను తెచ్చిన ఫైర్‌ఫిష్ గోబీలను ట్యాంకు మూత సందులోంచి బయటికి దూకేదాకా తరిమింది. వలతో పట్టబోతే రాళ్లన్నీ కదిలాయే తప్ప అది దొరకలేదు. చివరికి నీళ్ల సీసా మెడ కోసి, తలకిందులుగా లోపలికి దూర్చి, మన చేపల వేటలో వాడే మావు పద్ధతిలో ఎర పెడితే మూడో రోజున చిక్కింది. చంపడానికి మనసొప్పక రుషికొండ దగ్గర సముద్రంలో వదిలాను. మీరూ ముందు డామినోనే తీయండి.

ప్రవాళం18
పద్దెనిమిదేళ్లుగా ఉప్పునీటి చేపలను పెంచుతున్నాను, మరూన్ జంటలు మూడుసార్లు నా దగ్గర గుడ్లు పెట్టాయి, కనుక కాస్త గట్టిగానే చెబుతున్నాను. అసలు సమస్య డామ్సెల్ కాదు. క్లౌన్ చేపలన్నీ మొదట మగవిగానే ఎదుగుతాయి, గుంపులో పెద్దదే ఆడదవుతుంది, ఒకసారి ఆడదైనది మళ్లీ మగది కాదు. మీ అయిదంగుళాల మరూన్ ఆడదే అయి ఉంటుంది, ట్యాంకులో అది ఉండే మూల దాని సొంత ఇల్లు. దానికి తోడుగా అంతే పరిమాణంలో ఇంకొక మరూన్‌ను తెచ్చే ఆలోచన ఉంటే మానుకోండి, అది చావుతోనే ముగుస్తుంది. తోడు కావాలంటే అంగుళన్నర పిల్లను డబ్బాలో ఉంచి అలవాటు చేయాలి.

కొలత్తూరు_వీధి
వైజాగ్ మిత్రులారా, మీరు ఎంత తేలికగా రాశారు! చెన్నైలోని కొలత్తూరు చేపల దుకాణాల తొట్లలో ఇండోనేషియా చేప, ఫిలిప్పీన్స్ చేప, మన మన్నార్ సింధుశాఖ చేప ఒకే నీటిలో తిరుగుతుంటాయి. పరాన్నజీవి వల్ల వచ్చే తెల్లమచ్చ రోగం ఒకదాని నుంచి మరొకదానికి అంటుకోవడానికి అంతకు మించిన చోటు లేదు. అటువంటి నీటిలో పెరిగిన చేపను మన తీరంలో వదలడం దయ ఎలా అవుతుంది?

బీచ్‌రోడ్_వైజాగ్
డామినో హిందూ మహాసముద్రపు చేపే, పరాయిది కాదు. దుకాణదారు తిరిగి తీసుకోనన్నాడు. ఇంకేం చేయమంటారు? ఒక ప్రాణాన్ని కాపాడినందుకు నేరస్థుణ్ని చేయవద్దు.

కొలత్తూరు_వీధి
చేప మనదే కావచ్చు, దాని ఒంటిమీది పరాన్నజీవి ఎక్కడిదో మీకు తెలుసా? మీరు కాపాడినది ఒక్క చేపను, పణంగా పెట్టినది ఆ రాళ్లలో బతికే మిగతా చేపలన్నిటినీ.

టాంపా_తెలుగు
ఈ విషయంలో కొలత్తూరు గారి కోపం న్యాయమే. మన ఇండో-పసిఫిక్ లయన్‌ఫిష్ ఫ్లోరిడా దగ్గర మొదట 1985లో కనబడింది. ట్యాంకుల నుంచి వదిలిన చేపల వల్లే వచ్చిందని ఎక్కువ మంది నమ్ముతారు. ఇప్పుడు అది కరేబియన్ అంతటా వ్యాపించి, స్థానిక చేపపిల్లలను మింగుతోంది. ఎన్ని పట్టినా పరిమితి లేదని ఇక్కడి ప్రభుత్వమే అంటోంది. సెలవు రోజుల్లో నేనూ ఈటె పట్టుకుని దిగుతాను. ఒక్కొక్క లయన్‌ఫిష్ పొట్ట కోసి చూసినప్పుడల్లా, ఎవరో మంచి మనసుతోనే మొదటిదాన్ని వదిలి ఉంటారు గదా అనిపిస్తుంది.

బీచ్‌రోడ్_వైజాగ్
రోగం సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. కానీ దుకాణాలు తిరిగి తీసుకోకపోతే పెంపకందారు ఏం చేయాలో కూడా చెప్పాలి గదా.

కొలత్తూరు_వీధి
ఆ చేపను మీ ఊరి పెంపకందారులలో ఎవరికైనా ఉచితంగా ఇవ్వండి. డామినో ఒక్కటే ఉంటే చక్కగా బతుకుతుంది. మాట కటువుగా అన్నాను, మన్నించండి.

నిజాంపేట_ఉప్పునీరు
అద్దం గురించి ఎవరూ మాట్లాడలేదు. నా సిక్స్‌లైన్ రాస్ అనే చేప ఏడాది పాటు సాధువులా ఉండి, ఆ తరువాత నేను తెచ్చిన ప్రతి రాస్‌నూ తరమడం మొదలుపెట్టింది. ట్యాంకు అవతలి చివర గాజుకు బయట అద్దం అంటిస్తే, కొత్త చేపను మరచి నాలుగు రోజులు తన నీడతోనే పోట్లాడింది. ఆలోపు కొత్తది గుహ చూసుకుంది. అద్దం తప్పక పనిచేస్తుంది.

ప్రవాళం18
మీ విషయంలో పనిచేసింది, ఈయన విషయంలో పనిచేయకపోవచ్చు. 1973లో నోబెల్ బహుమతి పొందిన కాన్రాడ్ లోరెంజ్ ప్రవాళ చేపలను గమనించి, గాఢమైన రంగులున్న చేపలు తమ జాతివాటి మీదే ఎక్కువగా విరుచుకుపడతాయని చెప్పాడు. రాస్‌కు అద్దంలో రాస్ కనిపిస్తుంది, కనుక కోపం అటు మళ్లుతుంది. మరూన్ టాంగ్‌ను తరమడానికి కారణం వేరు, అది ఇంటి చుట్టూ కంచె కట్టుకున్న చేప. దాని హద్దులు చెరిపివేయాలి. క్లౌన్‌ను పది రోజులు సంప్‌లో (ట్యాంకు కిందనుండే వడపోత తొట్టిలో) ఉంచండి, ఆలోపు రాళ్లు పూర్తిగా మార్చి పేర్చండి, టాంగ్‌ను స్వేచ్ఛగా తిరగనివ్వండి. క్లౌన్ తిరిగి వచ్చేటప్పటికి అదే కొత్తది కావాలి. ఇకపై కొనేటప్పుడు మెత్తని చేపలు ముందు, మొండివి చివర. ఈ వరుస తప్పితే ఏ ఉపాయమూ సగమే పనిచేస్తుంది.

టాంపా_తెలుగు
రాళ్లు మార్చేటప్పుడు టాంగ్ తోక మొదట్లో ఉండే చాకు లాంటి ముల్లుతో జాగ్రత్త, నా బొటనవేలు తెగింది. ఇంకొక మాట, ఆ మూడంగుళాల టాంగ్ పెరిగితే నాలుగడుగుల ట్యాంకు దానికి ఇరుకవుతుంది. ఇరుకు కూడా పోట్లాటకు మూలమే.

అమీర్‌పేట_రీఫ్
అందరికీ కృతజ్ఞతలు. చిరిగిన రెక్క సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. దుకాణంలో రాగి మందు వేయమంటున్నారు.

కొలత్తూరు_వీధి
వేయకండి! రాగి చిరిగిన రెక్కకు మందే కాదు, పైగా ట్యాంకులో ఉన్న రొయ్యలనూ నత్తలనూ చంపుతుంది, రాళ్లలోకి ఇంకి నెలల తరబడి వదలదు. తరమడం ఆగి, నీరు శుభ్రంగా ఉంటే రెక్క దానంతటదే పెరుగుతుంది. బెదిరిన టాంగ్‌కు తెల్లమచ్చలు త్వరగా వస్తాయి, రోజూ ఒళ్లు చూడండి. మచ్చ కనబడితే వేరే తొట్టిలోకి మార్చాకే రాగి.

అమీర్‌పేట_రీఫ్
పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. క్లౌన్‌ను సంప్‌లోకి మార్చి రాళ్లు పేర్చిన మూడో రోజునే టాంగ్ నోరి తినడం మొదలుపెట్టింది. తోక అంచున లేత పసుపు రెక్క వస్తోంది. డామినో ఒంటరిగా ఉన్నప్పుడు అంతగా తరమలేదు గాని, వైజాగ్ గారి సీసా పద్ధతిలో దాన్నీ పట్టి నిజాంపేట గారికి ఇచ్చాను. నిన్న క్లౌన్‌ను తిరిగి వదిలాను. రెండుసార్లు దూసుకువెళ్లి ఆగిపోయింది. ఇప్పుడు కొత్త రాయి కింద గుంత తవ్వుకుంటోంది, టాంగ్ రాత్రి నిద్రపోయేది సరిగ్గా అక్కడే. ఆ రాయిని మళ్లీ కదపమంటారా, వదిలేయమంటారా?