పాత సీఆర్‌టీ (పిక్చర్ ట్యూబ్) మానిటర్‌కి లాగిన్ స్క్రీన్ రావట్లేదు, రిజల్యూషన్ ముందే ఎలా సెట్ చేయాలి?

అందరికీ నమస్తే. మా నాన్న డీటీపీ షాపులో పెళ్లికార్డులు కంపోజ్ చేసిన 17 అంగుళాల సీఆర్‌టీ మానిటర్ ఇంకా బానే పనిచేస్తోంది, పారేయబుద్ధి కాలేదు, అందుకే కొత్త సిస్టమ్‌కి తగిలిద్దామనుకున్నా. సిస్టమ్‌కి హెచ్‌డీఎంఐ ఒక్కటే ఉంది కాబట్టి వీజీఏ అడాప్టర్ ఒకటి కొన్నా, ఓఎస్ లినక్స్ మింట్.

ఆన్ చేస్తే కంపెనీ లోగో వస్తుంది, తర్వాత లోపల టక్‌మని సౌండొచ్చి నల్లటి స్క్రీన్ మీద అవుటాఫ్ రేంజ్ అని చిన్న డబ్బా తిరుగుతుంది, పచ్చ లైటు నారింజ రంగులోకి మారిపోతుంది. వెనక స్టిక్కర్ మీద హారిజాంటల్ (సెకనుకు గీసే అడ్డగీతల లెక్క) 30-70 కిలోహెర్ట్జ్, మ్యాక్సిమమ్ 1280×1024, 60 హెర్ట్జ్ అని ఉంది. సిస్టమేమో 1920×1080 పంపుతోంది, అడాప్టర్ మానిటర్ వివరాలు అందివ్వట్లేదని నా డౌటు.

వేరే మానిటర్ పెట్టి లాగినయ్యి, ఎక్స్‌రాండర్ అనే స్క్రీన్ సెట్టింగ్ కమాండ్‌తో 1024×768, 85 హెర్ట్జ్ మోడ్ యాడ్ చేసి కేబుల్ మారిస్తే బ్రహ్మాండంగా వచ్చింది, దాని హారిజాంటల్ 68.7 కిలోహెర్ట్జే కాబట్టి లిమిట్‌లోనే ఉంది, 60 హెర్ట్జ్‌లో అయితే వెలుగు అదిరి కళ్లు లాగేస్తున్నాయి. కానీ రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదటికే.

లాగిన్ స్క్రీన్ కంటే ముందే ఈ మోడ్ రావాలంటే గ్రబ్‌లో (ఓఎస్‌ని స్టార్ట్ చేసే ప్రోగ్రామ్) కెర్నల్ లైన్‌కి వీడియో సెట్టింగ్ ఇస్తే చాలా, ఈడీఐడీ ఫైల్ (మానిటర్ వివరాలుండేది) కూడా పెట్టాలా? రోజూ ఇలా రేంజ్ దాటిన సిగ్నల్ వెళ్తే మానిటర్ పాడవుతుందా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.