యాంటీబాడీలు తయారయ్యేలోపు వైరస్‌ను ఆపేది ఏది?

ప్రశ్న:
కొత్త వైరస్ ఒంట్లో చేరితే దానికి తగిన యాంటీబాడీలు తయారవడానికి వారం, పది రోజులు పడుతుందని చదివాను. వైరస్‌కు మాత్రం తన సంతతిని పెంచుకోవడానికి కొన్ని గంటలు చాలు. మరి ఈ మధ్యకాలంలో మనల్ని కాపాడుతున్నది ఏది? కణంలో దాని సొంత ఆర్‌ఎన్‌ఏ ఎప్పుడూ ఉంటుంది కదా, అందులో కలిసిపోయిన వైరస్ ఆర్‌ఎన్‌ఏను అది ఎలా పోల్చుకుంటుంది?

సమాధానం 1:
అసలు కిటుకంతా మీ రెండో సందేహంలోనే ఉంది. మన సందేశ ఆర్‌ఎన్‌ఏ కేంద్రకం నుంచి బయటికి వచ్చేలోపే దాని మొదటి కొసకు ఒక రసాయనిక టోపీ తొడగబడుతుంది. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ జన్యు ఆర్‌ఎన్‌ఏకు ఆ టోపీ ఉండదు. కొసన మూడు ఫాస్ఫేట్లు బోసిగా కనిపిస్తాయి. కణద్రవంలో కాపు కాసే రిగ్-ఐ అనే ప్రోటీన్ సరిగ్గా ఆ బోసి కొసనే పట్టుకుని, ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక ప్రోటీన్ తయారీకి సంకేతం పంపుతుంది.

ఇంటర్‌ఫెరాన్ బయటపడిన తీరు కూడా చెప్పుకోదగినదే. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మన్ అనే శాస్త్రవేత్తలు కోడిగుడ్డులోని పిండపొర ముక్కలను, వేడిచేసి నిర్వీర్యం చేసిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌తో కలిపి ఉంచారు. ఆ ముక్కల చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి తాజా ముక్కలకు చేర్చితే, వాటిలో సజీవ వైరస్ సరిగా పెరగలేకపోయింది. ద్రవంలో ఉండి వైరస్‌ను అడ్డుకున్న ఆ పదార్థానికే ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు.

సమాధానం 2:
పై వివరణకు ఒక్క మాట చేర్చాలి. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ను తాకనైనా తాకదు. పక్క కణాలను హెచ్చరిస్తుంది, అంతే. ఆ హెచ్చరికతో వాటిలో కొన్ని వందల జన్యువులు చురుకవుతాయి. వాటిలో నాకు అన్నిటికన్నా ఆసక్తికరంగా తోచేది ఐఎఫ్ఐటీఎం3. ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను కణం ఒక చిన్న సంచిలో పెట్టి లోపలికి లాక్కుంటుంది. వైరస్ తన పొరను ఆ సంచి పొరతో కలిపేస్తే తప్ప దాని జన్యుపదార్థం బయటపడదు. సంచి పొరలో ఉండే ఐఎఫ్ఐటీఎం3 ప్రోటీన్ ఆ కలయికనే అడ్డుకోవడంతో, గడప దాటినా వైరస్ లోపలికి రానట్టే అవుతుంది. వైరస్ దాన్ని తప్పించుకుంటే, పీకేఆర్ అనే మరొకటి ఆ కణంలో ప్రోటీన్ల తయారీనే నిలిపివేస్తుంది. టెథరిన్ అనే ప్రోటీన్ అయితే బయటికి పోబోయే కొత్త వైరస్‌లను కణం పైపొరకే కట్టిపడేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇంత కట్టుదిట్టంగా ఉంటే మనకు జబ్బు ఎందుకు చేస్తోంది? ఇంటర్‌ఫెరాన్‌నే ముందుగా మందులా తీసుకోకూడదా?

సమాధానం 2 రాసినవారు:
వైరస్‌లూ ఊరికే ఉండవు. ఇన్‌ఫ్లుయెంజాకు ఉన్న ఎన్ఎస్1 ప్రోటీన్ రిగ్-ఐ సంకేతాన్ని అణచివేస్తుంది. హెచ్ఐవీకి ఉన్న వీపీయూ టెథరిన్‌ను పైపొర నుంచి తొలగిస్తుంది. ఇక మందు సంగతికి వస్తే, హెపటైటిస్-సికి చాలా ఏళ్లు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చారు గానీ, వాటితో రోగులకు జ్వరం, ఒళ్లునొప్పులు, విపరీతమైన నీరసం వచ్చేవి. ఫ్లూ వచ్చినప్పుడు మనం పడే బాధలో కొంత మన ఇంటర్‌ఫెరాన్ పుణ్యమే. అలాగని అది లేకపోతే ఇంకా ప్రమాదం: 2020లో ప్రాణాంతక స్థితికి చేరిన కోవిడ్ రోగులు సుమారు వెయ్యి మందిని పరీక్షించగా, కనీసం పదిశాతం మందిలో తమ సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు కనిపించాయి.