పెరోవ్‌స్కైట్ ఫిల్మ్ పసుపు రంగుకు తిరుగుతోంది: తేమ వల్లా, వేడి వల్లా?

అనంత_ఫిజిక్స్:
అనంతపురంలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. సోలార్ సెల్లో వెలుతురును పీల్చే పెరోవ్‌స్కైట్ పదార్థాల్లో ఒకటి మిథైల్ అమ్మోనియం లెడ్ అయోడైడ్. దాని పలుచని ఫిల్మ్‌లు ఎంతకాలం చెడకుండా ఉంటాయన్నది నా ప్రాజెక్టు. స్పిన్ కోటింగ్ చేసి (ద్రావణం వేసి గాజును గిర్రున తిప్పి) 100 డిగ్రీల హాట్ ప్లేట్ మీద పెడితే నల్లగా, అద్దంలా వస్తున్నాయి. ఏప్రిల్లో చేసినవి బల్ల మీద వదిలేసినా బాగానే ఉండేవి. సెప్టెంబరు వానలు మొదలయ్యాక అంచుల నుంచి పసుపు పాకుతోంది. పేపర్లలో 85 డిగ్రీలు, 85 శాతం తేమ, 1000 గంటలు అని రాస్తారు. మా ల్యాబులో అంత వేడి, తేమ పెట్టే ఛాంబర్ లేదు, తేమ సోకకుండా పనిచేసుకునే గ్లవ్ బాక్సూ లేదు. ఎన్‌పీ కుంట సోలార్ పార్కు చూసొచ్చినప్పటి నుంచీ మన ఎండకు తట్టుకునే సెల్ మీదే నా ధ్యాస. ఉన్న సామానుతో నమ్మదగిన పని చేయగలనా?

కడప_రీసెర్చ్:
చేయొచ్చు చెల్లెమ్మా. ముందు తేమనూ వేడినీ విడదీయి. డెసికేటర్ (గాలి చొరకుండా మూత పడే పాత్ర) అడుగున, ఇక కరగనంతగా ఉప్పు కలిపిన నీళ్లు పెట్టి మూత బిగించు. గది వేడిలో లోపల తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మెగ్నీషియం క్లోరైడ్‌తో అయితే 33 శాతం. ఒకే రోజు చేసిన ఫిల్మ్‌లను రెండింట్లోనూ చీకట్లో ఉంచు. ఇంకొన్నిటిని 85 డిగ్రీల ఓవెన్లో పెట్టు. అంత వేడిలో తేమ శాతం దానంతటదే పడిపోతుంది. తేమ లేకపోయినా మిథైల్ అమ్మోనియం భాగం వేడికి ఎగిరిపోతుంది, పసుపు రంగు లెడ్ అయోడైడ్ మిగులుతుంది. పైగా దాదాపు 55 డిగ్రీల దగ్గర ఈ పదార్థం స్ఫటిక నిర్మాణమే మారుతుంది. మన మే నెల ఎండలో ప్యానెల్ 60 దాటుతుంది. నన్నడిగితే సీమకు అసలు పరీక్ష పొడి వేడే, దాని మీదే ఎక్కువ రోజులు పెట్టు.
సీసం ఉన్న పదార్థం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు, కడిగిన నీళ్లు సింకులో పోయొద్దు.

కర్నూలు_కెమిస్ట్రీ:
అమ్మా, రంగు చూసి తేల్చేయకు. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్షలో) 12.7 డిగ్రీల కోణం దగ్గర పీక్ లేస్తే అది లెడ్ అయోడైడ్. రేపు మిథైల్ అమ్మోనియం బదులు ఫార్మమిడినియం వాడితే అదీ పసుపు అవుతుంది గానీ పీక్ 11.8 దగ్గర వస్తుంది. అక్కడ పదార్థం విడిపోలేదు, నిర్మాణం మారిందంతే. బాగా వేడిచేస్తే మళ్లీ నల్లబడుతుంది. అందులో కొంచెం సీసియం కలిపేది ఆ మార్పును ఆపడానికే.

అనంత_ఫిజిక్స్:
చాలా థ్యాంక్స్ అన్నా, సార్. ఎక్స్‌ఆర్‌డీ మాకు వారానికోసారే దొరుకుతుంది. మధ్య రోజుల్లో?

కడప_రీసెర్చ్:
యూవీ-విజిబుల్ (ఫిల్మ్ ఏ వెలుతురును ఎంత పీల్చుకుంటోందో కొలిచే పరికరం) చాలు. 780 నానోమీటర్ల దగ్గర పీల్చుకోవడం మొదలయ్యే అంచు రోజూ ఎంత తగ్గుతోందో గీసుకో. ఒక్కో పరిస్థితికీ కనీసం మూడు ఫిల్మ్‌లు ఉండాలి.